వేసవి శిబిరం జరపండి, బీరువాలు మాత్రం జాగ్రత్త

ఏప్రిల్ చివర్లో బళ్ళకు సెలవులిచ్చారంటే మళ్ళీ జూన్ 12న తెరిచేదాకా పిల్లలు ఊరి మీదే ఉంటారు. ఆ రోజుల్లో మీ శాఖా గ్రంథాలయంలో వేసవి విజ్ఞాన శిబిరం జరపాలని జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి మీకు సర్క్యులర్ వచ్చే ఉంటుంది. కొత్తగా చేరినవారు, కంగారు సహజం. శిబిరం జరపడం ఎవరికైనా చేతనవుతుంది. పిల్లలకు చదివే అలవాటు పట్టుకోకుండా జరపడంలోనే మన నేర్పంతా ఉంది. అలవాటైతే జూన్ దాటాక కూడా వస్తారు. వస్తే పుస్తకాలడుగుతారు. అడిగితే బీరువా తీయాలి. బీరువా తీయాలంటే తాళంచెవి ఎక్కడుందో వెతకాలి. ఇంత దూరం ఆలోచించి అడుగు వేయమనే ఈ నాలుగు ముక్కలు.

మొట్టమొదట ఫ్లెక్సీ. ఎవరి ఫొటో ఎంత ఉండాలో, ఎవరి పక్కన ఎవరుండకూడదో ఫ్లెక్సీ షాపు కుర్రాడికి మీకంటే బాగా తెలుసు, ఎన్నికల్లో ఆరితేరిన చెయ్యి. అతనికే వదిలేయండి. నాయకులు పోగా జాగా మిగిలితే పుస్తకం పట్టుకున్న పిల్లల బొమ్మ వేయించండి. నెట్‌లో దొరికే బొమ్మల్లో పిల్లలు సాధారణంగా స్వెట్టర్లు, మఫ్లర్లు వేసుకుని ఉంటారు. పరవాలేదు, రెంటచింతల ఎండలో వచ్చినవాడికి కూడా ఆ బొమ్మ చూస్తే కాస్త చల్లగా ఉంటుంది. ఇక కట్టే చోటు ముఖ్యం. గోడకు కట్టి వృథా చేయకండి. బీరువాలకు అడ్డంగా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లాగి కట్టించండి. అద్దాల వెనక పుస్తకాలున్నాయన్న అనుమానం కూడా ఎవరికీ రాదు. శిబిరం ముగిశాక ఫ్లెక్సీ తీయకండి. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి, పైన ఓ కాగితం అతికిస్తే సరిపోతుంది.

ప్రారంభోత్సవం పొద్దున ఎనిమిదికి అని వేయండి. పిల్లల్ని ఏడున్నరకే రమ్మనండి. ముఖ్య అతిథి పదిన్నరకు వస్తారు, ఆయన తప్పేం లేదు, ఆయనకు చెప్పిందే పదింటికి. ఈ మూడు గంటలూ శిబిరానికి పునాది. పిల్లల్ని వరసల్లో, పొడుగు వాళ్ళు వెనక, పొట్టి వాళ్ళు ముందు, చేతులు కట్టించి కూర్చోబెట్టండి. ఈలోగా ఒకడు మెల్లిగా లేచి ఫ్లెక్సీ కింద నుంచి తల దూర్చి బీరువా అద్దంలోకి చూస్తాడు. ప్రతి ఏడూ ఒకడుంటాడు. అటెండరు చేత "రేయ్, ముట్టుకున్నావంటే చూడు" అనిపించండి. గ్రంథాలయంలో పిల్లవాడు వినే మొదటి మాట అదే అయితే మన పని సగం అయినట్టే.

జ్యోతి ప్రజ్వలన వేళ ఫ్యాన్లు ఆపించాలి, లేకపోతే దీపం నిలవదు. తర్వాత మళ్ళీ వేయడం ఎవరికీ గుర్తుండదు, అది మన మంచికే. ఉక్కపోతలో విన్న ఉపన్యాసం పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. వక్తలు ఏం మాట్లాడాలో మీరు చెప్పనక్కర్లేదు. తమ చిన్నప్పుడు చందమామ కోసం పోస్టుమాన్‌కు ఎలా ఎదురెళ్ళేవారో ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. ఇప్పటి పిల్లలు ఫోన్లకు అంటుకుపోయారని బాధపడతారు. ఆ బాధను ఫోన్లో రాసుకొచ్చి చూసి చదువుతారు. పిల్లలు అన్నిటికీ చప్పట్లు కొడతారు, ముఖ్యంగా ముగిసిందనుకున్నప్పుడు. బొకేలకు బదులు అతిథులకు పుస్తకమివ్వాలని ఎవరైనా సలహా ఇస్తే వెంటనే ఒప్పుకోండి. వాళ్ళు దాన్ని కుర్చీలో మరిచిపోయి వెళతారు, వచ్చే ఏడు మళ్ళీ పనికొస్తుంది. స్టాకు రిజిస్టర్లో ఎక్కించాల్సిన అవసరం కూడా ఉండదు.

ఇక దినచర్య. స్పోకెన్ ఇంగ్లీష్, డ్రాయింగ్, చెస్, క్యారమ్స్, కాగితంతో పడవలు, పక్షులు, వేద గణితం, యోగా, ఎవరైనా దొరికితే డాన్సు. ఇవి చెడ్డవని ఎవరంటారు? మంచివి కాబట్టే మనకు ఉపయోగం. పొద్దుటి మూడు గంటల్ని వీటితో నింపి, మిగిలిన పావుగంటకు పుస్తక పఠనమని పేరు పెట్టండి. సర్క్యులర్లో ఆ మాట ఉంటుంది, మన పట్టికలోనూ ఉండాలి.

ఆ పావుగంటతో చాలా జాగ్రత్త, అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. ఎవరి పుస్తకం వాళ్ళకిచ్చి ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చుని చదువుకోమంటే కొంప మునుగుతుంది. ఒకసారి ఓ శిబిరంలో ఎవరో చూసుకోక ఓ పదేళ్ళ అమ్మాయి చేతికి బుడుగు ఇచ్చారు. అది కిటికీ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాసేపు కిక్కురుమనలేదు. తర్వాత బాపు బొమ్మ ఒకటి చూసి కిసుక్కున నవ్వింది. పక్కవాడు ఏమిటే అని వంగాడు. దీనికి నవ్వాగక చెప్పలేకపోయింది, వేలు పెట్టి చూపించింది. వాడు చదివి నవ్వాడు. రెండు నిమిషాల్లో క్యారమ్స్ బోర్డు దగ్గర ఒక్కడు మిగల్లేదు. ఒక్క పుస్తకం చుట్టూ ఏడెనిమిది తలకాయలు, "తిప్పకే, నేనింకా చదవలేదు" అని గోల. ఇలాంటి పరిస్థితి మీకు ఎదురు కాకూడదంటే పుస్తకం ఒక్కటే తీయండి. ఒక్కడిని నిలబెట్టి గట్టిగా చదివించండి. మిగతా నలభై మందీ వినాలి. వాడు ళ అనాల్సిన చోట ల అంటే ఆపండి. ఒత్తు మింగితే ఆపండి. కథ ఎక్కడిదాకా వచ్చిందో వాడికీ మనకీ తెలియని స్థితికి వచ్చాక, "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడగండి. పరమానందయ్య శిష్యుల కథ అయినా సరే, నీతి చెప్పందే కూర్చోనివ్వకండి. పిల్లలకు కథల మీద విరక్తి కలిగించడానికి ఇంతకన్నా నమ్మకమైన సాధనం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మన పెద్దవాళ్ళు ఈ విషయంలో చాలా పొరపాట్లు చేశారని చెప్పక తప్పదు. అయ్యంకి వెంకట రమణయ్యగారు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టించి, ఊరూరా జనం చేత గ్రంథాలయాలు పెట్టించారు. అంతకుముందే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం లేచాయి. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టినవాళ్ళు అక్కడితో ఆగక పాత పత్రికలన్నీ దాచిపెట్టారు, ఇప్పటికీ పరిశోధకులు రైలు దిగి వెతుక్కుంటూ వెళుతుంటారు. అందరికంటే ఘోరం పాతూరి నాగభూషణంగారు. గుంటూరు జిల్లా పెదపాలెం మనిషి. జనం గ్రంథాలయానికి రాకపోతే హాయిగా ఊరుకోవాల్సింది పోయి, 1930ల్లో పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట ఊళ్ళకు పంపించారు. తాళం లేని పడవ! నీళ్ళ మీద! తడిసిన పుస్తకానికి ఎవరి జీతంలో కోత పెట్టారో మరి. రంగనాథన్‌గారి సంగతి సరేసరి. పుస్తకాలు వాడుకోవడానికేనని 1931లో సూత్రమే రాసిపెట్టారు. దాన్ని మీ శిక్షణలో బట్టీ పట్టే ఉంటారు. పరీక్ష అయిపోయింది కదా, ఇక మర్చిపోవచ్చు.

మీ వృత్తిలో మీకు నిజమైన అండ ఒకటుంది, అది తనిఖీ. ఒక పుస్తకం తగ్గితే సంజాయిషీ, కొన్నిచోట్ల జీతం నుంచి రికవరీ. ఒక పుస్తకాన్ని పదేళ్ళపాటు ఎవరూ తెరవకపోతే మాత్రం మీకు మెమో ఇచ్చినవాడు లేడు. వంద మంది చదివి నలిపిన పుస్తకం మీ నేరం, చెదలు చదివిన పుస్తకం ప్రకృతి వైపరీత్యం. ఈ లెక్క తయారు చేసింది మీరు కాదు, నేనూ కాదు. తయారైన లెక్క ప్రకారం బీరువాకు తాళం వేసినవాడే తెలివైనవాడు, ఆ మాట నేను వెటకారానికి అనడం లేదు.

పిల్లల పుస్తకాలు కొత్తవి ఎందుకు తెప్పించలేదని ఏ తల్లో అడిగితే, సెస్సు బకాయిలని చెప్పండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఇంటిపన్నుతో పాటే పంచాయతీ, మునిసిపాలిటీ వాళ్ళు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు చేయడం మర్చిపోరు, జమ చేయడమే మర్చిపోతుంటారు. ఈ జవాబులో గొప్పతనం ఏమిటంటే, ఇది నిజం. నిజం చెప్పి తప్పించుకునే అవకాశం మన ఉద్యోగాల్లో ఎంత అరుదో మీకు ముందుముందు తెలుస్తుంది. ఆ తల్లి కట్టిన ఇంటిపన్ను రసీదు తీసి అందులో సెస్సు గడి చూపించి, ఇది ఎక్కడికి పోయిందని అడిగితే మాత్రం టీ తాగడానికి బయటికి వెళ్ళండి.

చోటు గురించి ఒక్క మాట. పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ళు పొద్దున్నే వచ్చి బల్లలన్నీ పట్టేస్తారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చూశారుగా, అన్ని ఊళ్ళలోనూ అంతే. పాపం వాళ్ళ పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుంటారు, మన బీరువా జోలికి రారు, ఆదర్శ పాఠకులు. పిల్లల గోలకు వాళ్ళు విసుక్కుంటే పిల్లల్ని సైకిల్ స్టాండు కిందికి మార్చండి. రెండు వర్గాలకూ వేర్వేరు వేళలు పెట్టడం, సాయంత్రం వరండా ఇవ్వడం లాంటివి ఆలోచిస్తే తెగేవే, ఆలోచించకండి.

సభ్యత్వం అడిగే పిల్లలకు దరఖాస్తు ఇవ్వండి. డిపాజిట్, హామీ సంతకం, నాన్న ఆధార్ జిరాక్సు. నాన్న హైదరాబాదులో పనికెళ్ళాడంటే, వచ్చాక రమ్మనండి.

పక్క మండలంలో ఒకావిడ ఉంది, ఆవిడ దారిలో మాత్రం వెళ్ళకండి. ప్రారంభోత్సవం లేదు. మొదటి రోజే బీరువాలు బార్లా తెరిచి, బొమ్మల పుస్తకాలన్నీ చాప మీద పోసింది. ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకోండర్రా అంది. ఇంటికి పట్టుకెళతామంటే నోటుబుక్కులో పేరు రాసుకుని పంపించింది. వారంలో రెండు సాయంత్రాలు ఊళ్ళో ముసలమ్మల్ని పిలిచి కథలు చెప్పించింది. ఒకామె కాశీమజిలీ కథల్లో సగం నోటికే చెప్పేసిందట. వినడానికి పిల్లల వెనక తల్లులొచ్చారు, తల్లుల వెనక ఉపాధి పని నుంచి తిరిగొచ్చే ఆడవాళ్ళు ఆగారు. ఫలితం చూడండి. తెనాలి రామకృష్ణ కథలకు అట్ట ఊడింది. రెండు పుస్తకాలు అసలు తిరిగి రాలేదు, ఒకటి పెళ్ళికని వెళ్ళి వేరే ఊళ్ళో ఉండిపోయింది. ఆగస్టులో కూడా బడి వదలగానే పిల్లలు అరుగు మీద బ్యాగులు పడేసి లోపలికి వస్తున్నారు. ఆవిడేమో ఇంకో చాప కావాలని, బల్బు కావాలని, పుస్తకాలు కావాలని జిల్లా ఆఫీసుకు ఇండెంట్ మీద ఇండెంట్ పెడుతోంది. పోయిన రెండు పుస్తకాలకు సంజాయిషీ కూడా రాసుకుంటోంది. శిబిరం ఫొటోలేవమ్మా అంటే, తీయడం గుర్తు రాలేదంది.

ముగింపు రోజు సర్టిఫికెట్లు. వచ్చిన అందరికీ, రాని కొందరికీ. నివేదిక కోసం మళ్ళీ కష్టపడొద్దు, పోయిన ఏటి ఫైలు తెరిచి సంవత్సరం మార్చండి. హాజరు 42 అని ఉంటే 47 చేయండి, అభివృద్ధి కనపడాలి. దిగ్విజయంగా అనే మాట రెండుచోట్ల ఉందో లేదో చూసుకోండి. ఎన్ని పుస్తకాలు బయటికి వెళ్ళాయన్న గడి ఆ ఫారంలో ఉండదు కాబట్టి భయం లేదు.

ఇంత చేసినా ఒక్కోసారి ఒకడు మిగులుతాడు. అందరూ వెళ్ళాక కూడా గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. చంకలో చందమామ పాత బైండు, ఎప్పుడు ఎలా లాగాడో తెలియదు. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్లో ఆఖరి పేజీ తెరిచి, అడుగున ఇంకా ఉంది అని ఉన్నచోట వేలు పెట్టి, "సార్, దీని తర్వాతి బైండు ఉందా?" అంటాడు. ఉంటుంది. అదే బీరువాలో, కింది అరలో ఉంటుంది. కోప్పడకండి. నవ్వుతూ రేపు రమ్మనండి, కాకపోతే ఆ రోజు గురువారం అయ్యేలా చూసుకోండి. రేపు శుక్రవారం, మనకు సెలవు.