విలీన దర్శనం

ఆంగ్ల వికీపీడియా సంపాదకుల్లో ఒక వర్గం పాటించే విలీన దర్శనానికి మూలసూత్రం ఒకటే: పెద్ద విషయానికి ఒక వ్యాసం చాలు, దాని చిన్న భాగాలకు విడి వ్యాసాలు దండగ. దీన్ని ప్రయోగించి చూడటానికి తోరా కంటే అనువైనది దొరకదు. ఆదికాండం మొదలు ద్వితీయోపదేశకాండం దాకా ఉన్న ఈ ఐదు పుస్తకాలను యూదులు 54 భాగాలు చేసుకుని, వారం వారం చదువుతూ ఏడాదిలో ముగిస్తారు. వికీపీడియాలో ఆ భాగాలకూ, పేరున్న వ్యాఖ్యాతలకూ విడివిడిగా వ్యాసాలున్నాయి. విలీనవాది దృష్టిలో ఇది స్థలాక్రమణ. 1901–1906 మధ్య న్యూయార్క్‌లో 12 సంపుటాలుగా వెలువడిన యూదు విజ్ఞాన సర్వస్వం కాగితం కొని, అక్షరాలు పేర్చి మరీ వ్యాఖ్యాతలకు వేర్వేరు వ్యాసాలిచ్చింది. కాగితమే లేనిచోట చోటు ఎలా చాలకుండా పోయిందో దర్శనం చెప్పదు.

దర్శనంలో మొదటి ప్రమాణం, వ్యాఖ్యాతలంతా చెప్పేది ఒకటే కదా అన్నది. కానీ 11వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో వ్యాఖ్యాత రాషి తోరా మొదటి వాక్యం దగ్గరే ఆగి, ధర్మశాస్త్రమన్నాక మొదటి ఆజ్ఞతో మొదలవాలి గానీ సృష్టి కథ ఎందుకని అడిగాడు. 13వ శతాబ్దంలో గిరోనా పండితుడు రాంబాన్ ఆ ప్రశ్ననే నిలదీశాడు. రాషి సొంత మనవడు రష్బాం కూడా తాత బాట విడిచి వాచ్యార్థాన్ని పట్టుకున్నాడు. వీళ్లందరినీ ఒకే పేరాలో కుదిస్తే మిగిలేది ‘పలువురు పండితులు పలు విధాలుగా వ్యాఖ్యానించారు’ అన్న వాక్యం. అందులో తప్పు లేదు. విషయమూ లేదు.

రెండో ప్రమాణం పోకెమాన్. ఒకప్పుడు ఆ వీడియో ఆటలోని ప్రతి జీవికీ వికీపీడియాలో ఒక వ్యాసం ఉండేది; తర్వాత చాలావాటిని జాబితాల్లో కలిపేశారు. అదే న్యాయం తోరాకూ వర్తించాలంటారు. ఆ కలపడంలోనూ పికాచు అనే జీవికి విడి వ్యాసం దక్కింది, దాని గురించి రాసినవాళ్లు ఉన్నారు కనుక. రాషి వ్యాఖ్య 1475లోనే ఇటలీలోని రెజ్జో కాలబ్రియాలో అచ్చయింది. అచ్చు తేదీ ఉన్న హీబ్రూ పుస్తకాల్లో తొలిది అదే. దాని మీద టీకలు రెండు వందలకు పైనే వచ్చాయి. ఈ యోగ్యత పికాచు స్థాయికి చాలదేమో దర్శనకారులే తేల్చాలి.

మూడో ప్రమాణం, వ్యాసాల పొడవు. ఇందులో నిజం ఉంది. వారపు భాగాల వ్యాసాలు కొన్ని చాంతాడంత పొడవు. ప్రాచీన గ్రంథాల ఉల్లేఖనలు గుట్టలుగా ఉంటాయి, ఆధునిక పరిశోధన వెనకబడుతుంది. దీనికి మందు కోసి సరిదిద్దడం. కోయాలంటే ముందు చదవాలి. విలీనం పేరుతో తొలగింపుకు ప్రతిపాదించాలంటే ఒక మూస అతికిస్తే చాలు. దర్శనానికి అనుచరులు ఉండటానికి ఈ సౌకర్యం కొంత కారణం కావచ్చు.

ఇక దర్శనకారుల సొంత సాహిత్యం. నియమం అభివృద్ధికి అడ్డొస్తే పక్కన పెట్టమనే నియమం వికీపీడియాలో ఉంది. దాని నిడివి ఒక వాక్యం. ఆ వాక్యానికి అర్థమేమిటో చెప్పే పుట వేరే ఉంది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే వ్యాసాలూ ఉన్నాయి. తొలగింపు చర్చలో ఏ వాదనలు చేయకూడదో వివరించే పుట ఇంకొకటి. వీటిని సంక్షిప్త నామాలతో, సూత్రాలు వల్లించినట్టు ఉదహరిస్తూనే తోరా వ్యాఖ్యలకు విడి పుటలు అనవసరమని తీర్పు చెబుతారు. ఏకవాక్య మూలానికి ఇంత భాష్యం తగినప్పుడు, ఐదు పుస్తకాల మూలానికి ఎంత తగునన్న లెక్క ఏ పుటలోనూ లేదు.

తొలగింపు చర్చ సాధారణంగా ఏడు రోజులు సాగుతుంది. ఏకాభిప్రాయం కుదరకపోతే వ్యాసం అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు మళ్లీ ప్రతిపాదించవచ్చు. 1524–25లో వెనిస్‌లో డేనియల్ బాంబర్గ్ అచ్చువేసిన హీబ్రూ బైబిల్‌లో ఈ చిక్కే లేదు: మూలం మధ్యలో, రాషి వ్యాఖ్య ఒకపక్క, మరో వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రాది ఇంకోపక్క. ఏకాభిప్రాయం కుదరలేదని ఎవరి వ్యాఖ్యనూ తీసేయలేదు.