గింజకు ఎండ, చాక్లెట్‌కు ఏసీ

మే నెలలో బెజవాడ కొట్లో చాక్లెట్ అడిగితే కొట్టాయన ఫ్రిజ్ తలుపు తీస్తాడు. పాపం, దానికి ఎండ పడదు. ఫ్యాక్టరీ నుంచి ఇక్కడిదాకా చల్లటి బండిలో వస్తుంది. అరవై కిలోమీటర్ల అవతల, ఏలూరు జిల్లాలో, దాన్ని కన్న కోకో గింజ మాత్రం టార్పాలిన్ మీద మాడుతుంటుంది. పక్కనే నిలబడి తిరగేసే మనిషి కూడా మాడుతుంటాడు. వాళ్లిద్దరికీ ఏసీ అక్కర్లేదు.

దేశంలో కోకో ఎక్కువగా పండించేది మన రాష్ట్రమే. పెదవేగి, ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెం వైపు వెళ్తే కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో నీడన అంతరపంటగా కనిపిస్తుంది. ఈ రైతుకు పాఠాలు చెప్పేవాళ్లకు కొదవలేదు. కొమ్మ ఎక్కడ కత్తిరించాలి, నీడ ఎంత ఉండాలి, నీళ్లు ఎలా పొదుపు చెయ్యాలి, అన్నీ చెబుతారు. రాలిన ఆకులు, కాయ తొక్కలు చెట్టు కిందే వదిలేస్తే చిన్న దోమలాంటి పురుగు చేరి పూలకు పరాగసంపర్కం చేస్తుందట. నిజమే, చేస్తుంది. అది కూలి అడగదు, గిట్టుబాటు ధర అడగదు, కలెక్టరేట్ ముందు టెంటు వెయ్యదు. ఆదర్శ రైతు ఎలా ఉండాలో పెద్దలు దాన్ని చూసే నేర్చుకున్నట్టున్నారు.

కాయ కోసి, పగలగొట్టి, జిగురు పట్టిన తెల్ల గుజ్జుతో సహా గింజల్ని పెట్టెల్లో పోసి, పైన అరటాకులు కప్పి, మధ్యమధ్యలో తిరగేస్తూ ఐదారు రోజులు పులియబెట్టాలి. తర్వాత వారం ఎండ. ఈలోగా మబ్బు పట్టిందా, ఇంటిల్లిపాదీ టార్పాలిన్ చుట్టూ పరుగులే. ఇన్నీ అయ్యాక కొనుగోలు కేంద్రంలో గింజను నిలువునా కోసి చూస్తారు. లోపల గోధుమరంగుంటే పాసు, ఊదారంగుంటే పులియలేదని పేచీ. తేమ చూస్తారు, సైజు చూస్తారు, అన్‌సీజన్ గింజంటే మొహం తిప్పుకుంటారు. ధరను కూడా అలాగే నిలువునా కోసి లోపల ఏ రంగుందో చూపించమంటే మాత్రం ఆ కత్తి తమ దగ్గర లేదంటారు.

2024లో పశ్చిమాఫ్రికాలో వాతావరణం దెబ్బకు, చెట్లకు పట్టిన వైరస్ దెబ్బకు పంట పడిపోయింది. న్యూయార్క్ మార్కెట్లో టన్ను 10,000 డాలర్లు దాటింది. ఇక్కడ కిలో వెయ్యి రూపాయల దాకా పలికింది. ఏళ్ల తరబడి రెండొందల చుట్టూ తిరిగిన రైతు తోటకు దండం పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఆరంభంలో, న్యూయార్క్ ఇంకా ఆకాశంలో ఉండగానే, ఏలూరులో ధర సగానికి దిగింది. అదేమని అడిగితే అంతర్జాతీయ మార్కెట్టన్నారు. మన దగ్గరికి అంతర్జాతీయ మార్కెట్ దిగేటప్పుడు విమానంలో వస్తుంది, ఎక్కేటప్పుడు ఎడ్లబండి మీద వెళ్తుంది. రైతులు రోడ్డెక్కాక, కంపెనీలు కిలోకు 450 ఇవ్వాలి, మరో 50 మేం కలుపుతామని 2025లో ప్రభుత్వం చెప్పింది. పైసా దగ్గరకొచ్చేసరికి కంపెనీల బరువు ఖజానా మొయ్యాల్సి వచ్చిందన్నమాట.

గింజ నాసిరకమనే మాట చెల్లదు. తడికలపూడిలో పులియబెట్టిన ఇక్కడి గింజలతోనే హైదరాబాద్‌లో ‘మనం చాక్లెట్’ అనే సంస్థ వాళ్లు పేరు తెచ్చుకున్నారు. వాళ్ల దుకాణాన్ని 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో పెట్టింది. చూడదగ్గ చోట్లలో తోట లేదు లెండి. అదే ఏడాది కోకో పెరిగిందని చాక్లెట్ రేట్లు పెంచినవాళ్లు, గింజ తగ్గాక అంతే ఉత్సాహంగా దించారా? 2025 సెప్టెంబర్‌లో చాక్లెట్‌పై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. తినేవాడికి ఢిల్లీ నుంచి ఊరట దొరికింది. పండించేవాడు న్యూయార్క్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అన్నిటికన్నా పెద్ద హాస్యం ఒకే తోటలో ఉంది. పైనున్న ఆయిల్‌పామ్‌కు 1993 నాటి చట్టముంది, గెలల ధర ప్రతినెలా లెక్క కట్టి ప్రకటిస్తారు. దాని నీడలో పెరిగే కోకోకు అలాంటి చట్టం లేదు. నేల ఒకటే, బోరు ఒకటే, రైతు ఒకడే. సచివాలయంలో ఉన్న అయ్యలారా, కొమ్మలెలా కత్తిరించాలో ఈ రైతుకు వచ్చేసింది. అంతర్జాతీయ ధరకు ముడిపెట్టిన సూత్రం ఒకటి రాసి, జీవో ఇచ్చి, వచ్చే సీజన్ కోతలకు ముందే కొనుగోలు కేంద్రం గోడ మీద అంటించండి.