మీట ఉన్న అద్దాన్ని

నారాయణఖేడ్‌లో ఒక బడిపంతులు గారి చిన్న కారులో, ముందు గాజుకు లోపలివైపు వేలాడే అద్దాన్ని నేను. బండి ముందుకు పోతుంటే నా చూపంతా వెనక్కే.

సారు పనిమీద సంగారెడ్డి వెళ్లి తిరిగొచ్చేసరికి పొద్దుగూకుతుంది. జోగిపేట, పెద్దశంకరంపేట మీదుగా వచ్చే 161వ జాతీయ రహదారి అది. నాందేడ్, అకోలా పోయే లారీలన్నీ దాని మీదే. వెనక లారీ దగ్గరికొచ్చిందంటే దాని వెలుగు సూటిగా నా మీద పడి, నా నుంచి సారు కళ్లలో గుచ్చుకుంటుంది. లారీ డ్రైవరు డిప్పర్ వేసినా అంతే. డిప్ వెలుగు సుమారు 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల చొప్పున మాత్రమే కిందికి వాలుతుంది. దీపం ఎత్తుగా ఉండి, బండి ఆనుకుని వస్తే, ఆ వెలుగు దిగేలోపే మా కళ్లున్నాయి. అందుకే సారు వేగం తగ్గించి, దారిచ్చి, లారీని ముందుకు పోనిస్తారు. మంచి పని.

ఒకప్పుడు కళ్లు మండి నన్ను పైకప్పు వైపు తిప్పేసేవారు. వెనక ఏముందో తెలియని బండి అయిపోయేది మాది. అది చూసి మెకానిక్కు అన్నాడు: "సారూ, అద్దం కదపకుండ్రి. కింద గీ మీట గుంజుండ్రి, సాలు."

నా గాజు ఒక అంచున మందం, ఇంకో అంచున పలచన. మీట గుంజగానే వెనకనున్న తళుకు పూత మీద పడ్డ వెలుగు కప్పు వైపు పోతుంది. ముందు వైపు ఉత్త గాజు తిప్పిపంపే నూటికి సుమారు 4 పాళ్లే సారుకు అందుతాయి. లారీ దీపాలు కనిపిస్తాయి, కళ్లు మండవు. ఇంత పనికొచ్చే మీటను ఎందరో ముట్టనైనా ముట్టరే అని నా బాధ.

ఎదురు వెలుగుకు మాత్రం నేను చాలను. అప్పుడు రోడ్డు ఎడమ అంచు తెల్లగీతను చూస్తూ పోవాలి, ముందు గాజు లోపలివైపు జిడ్డు తుడిచి ఉంచాలి. ఆ జిడ్డే వెలుగును గాజంతా పరుస్తుంది. ఇక హాలోజన్ బుడ్డి కోసం చేసిన దీపంలో ఎల్‌ఈడీ బల్బు బిగించేవాళ్లను చూస్తే నాకు కోపమే. వెలుగు పుట్టే చోటు మారి, కిరణాలు పైకి చెదిరి, ఎదుటివాడి కళ్లలో పడతాయి.

మొన్న డిక్కీలో జొన్న మూటలు వేస్తే బండి ముక్కు పైకి లేచింది. స్టీరింగు పక్కనున్న దీపాల మర తిప్పి సారు వెలుగును కిందికి దించారు. మా ముందు ఆటో పోతోంది. దాని అద్దాలకు మీట ఉండదు.