ఆకుపచ్చ టిక్కులు నమ్మాను

ఆర్యపల్లిలో మా మత్స్యకారుల సంఘానికి ఒక చిన్న వెబ్‌సైటు, ఒక మెయిలు అడ్రసు ఉన్నాయి. రెండూ చూసేది నేనే. మాది గంజాం జిల్లాలో ఛత్రపురం దగ్గర, సముద్రం ఒడ్డు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. మా వైపు రుషికుల్యా సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడి తీరంలో వేట ఆపుతారు. ఆ నెలలకు సర్కారు ఇచ్చే సాయానికి కాగితాలు జతచెయ్యాలి. బయట రాష్ట్రాల్లో బోట్ల మీద పనిచేసే మా కుర్రాళ్లు ఆధార్, బ్యాంకు పుస్తకం ఫొటోలు సంఘం మెయిలుకే పంపుతారు.

సరిగ్గా ఆ కాగితాల రోజుల్లో మెయిలు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చాను. మా పేరు మీద వచ్చే మెయిలు ఏ సర్వరుకు చేరాలో ఎంఎక్స్ రికార్డు చెబుతుంది. సాయంత్రం దాన్ని మార్చి, మార్పు ప్రపంచమంతా చేరిందో లేదో చూపించే సైటు తెరిచాను. ఫ్రాంక్‌ఫర్ట్, సావో పాలో, సింగపూర్, అన్నిచోట్లా ఆకుపచ్చ టిక్కులే. నా ఫోన్లోనూ కొత్త జవాబే. రెండు చోట్ల డబ్బు కట్టడం దేనికని ఆ రాత్రే పాత మెయిలు పెట్టె తీసేశాను.

తెల్లారాక వెరావల్‌లో పనిచేసే మా కుర్రాడొకడి నుంచి ఫోను. "అన్నియ్యా, మన సంగం మూసీసారేటి? రాత్రి మా ఆఫీసు కంప్యూటర్నించి నాన్న కాగితాలు పంపితే ఎనక్కొచ్చీసింది. అలాటి అడ్రసే నేదంటంది."

"అందరికీ బాగానే ఉంది, నీ దగ్గరే ఏదో తేడా" అన్నాను. మెయిలు పెట్టె తీసెయ్యడం కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. వాడు చెప్పింది నిజం. నేను చూసి వాడికి చెప్పింది వాడి నిజం కాదు.

ఇద్దరికీ వేరువేరు జవాబులు ఎలా వచ్చాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1983కు ముందు నెట్‌వర్కులోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని నడిపేది, మిగతావాళ్లు తెచ్చుకునేవాళ్లు. ఆ ఏడాది పాల్ మొకపెట్రిస్ రూపొందించిన డీఎన్ఎస్ అనే పేర్ల వ్యవస్థతో ఎవరి పేరుకు వాళ్లే జవాబు చెప్పుకునే వీలొచ్చింది. అడిగిన సర్వరు ఆ జవాబును కొంతసేపు దాచుకుంటుంది. ఎంతసేపన్నది పేరు గలవాడే సెకన్లలో రాసిపెడతాడు, దాన్నే టీటీఎల్ అంటారు. మా రికార్డు మీద అప్పటిదాకా ఉన్నది 86400, అంటే ఒక రోజు. కొత్త జవాబును ఎవరూ ఎవరికీ మోసుకెళ్లరు. దాచుకున్న పాతదానికి గడువు తీరాలి, అంతే.

ఫ్రాంక్‌ఫర్ట్ సర్వరు అంతకుముందు మా పేరే విని ఉండదు. పాతదేమీ దాని దగ్గర లేదు కనుక అడగ్గానే కొత్తది తెచ్చి చూపించింది. వెరావల్ ఆఫీసు నుంచి మాత్రం ఆ మధ్యాహ్నమే ఇంకో కుర్రాడి కాగితాలు మాకు వచ్చాయి. అంటే అక్కడి సర్వరు దగ్గర మా పాత చిరునామా మర్నాడు మధ్యాహ్నం దాకా చెల్లుతుంది. మాతో రోజూ పని ఉన్నవాళ్ల దగ్గరే పాతది మిగిలింది. మేమెవరో తెలియని ఊళ్లను అడిగి నేను నిశ్చింతగా పడుకున్నాను.

పాత సర్వరు అసలు పలకకపోయినా ఇంత నష్టం ఉండేది కాదు. పంపేవైపు సర్వరు మెయిలును వరుసలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు ఓపిక పట్టాలని మెయిలు నియమాలే చెబుతాయి. ఈలోగా గడువు తీరి కొత్తచోటికి దారి దొరికేది. నేను పెట్టెను మాత్రమే తీసేశాను, సర్వరు మేలుకునే ఉంది. వచ్చిన ప్రతి మెయిలుకూ "ఈ అడ్రసు లేదు" అని చెప్పి తిప్పి పంపింది. ఆ మాట పడ్డాక పంపినవైపు ఇక ప్రయత్నించదు.

మార్చడానికి రెండు రోజుల ముందే టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించి ఉంటే, పాతపెట్టెను ఇంకొక వారం తెరిచి ఉంచి ఉంటే, సరిపోయేది. తగ్గించడం నాకు తెలియనిదేం కాదు. మార్పు చేసే రోజే తగ్గించాను. అప్పటికే 86400తో దాచుకున్నవాళ్లకు ఆ తగ్గింపు అందదని ఆలోచించలేదు.

వాడికి ఫోను చేసి తప్పు నాదేనని చెప్పాను. కాగితాలు మళ్లీ పంపాడు, చేరాయి, గడువులోపే వాళ్ల నాన్న పేరు జాబితాకెక్కింది. కానీ ఆ రాత్రి తిరిగిపోయిన మెయిళ్లు ఇంకెన్నో చూడడానికి నా దగ్గర ఏ పెట్టే లేదు. అందుకని సంఘం పుస్తకం పట్టుకుని, బయట పనికెళ్లిన కుర్రాళ్లున్న ప్రతి ఇంటి గుమ్మంలోనూ నిలబడి అడిగాను: మీవాడు ఆ రాత్రి ఏమైనా పంపాడా, ఒక్కసారి ఫోను చేసి కనుక్కోండి.