క్లౌడ్‌కి కాపలా ఎంచుకోవడమెలా? పాలకొల్లు వ్యాపారులకు ఆరు ఉత్తమ సలహాలు

కొబ్బరి ఎగుమతి లెక్కలూ, రొయ్యల మేత బాకీలూ క్లౌడ్‌కి ఎక్కించేశారు. సంతోషమండి. లోపలికి ఎవరు రావాలి, వచ్చినవాళ్లు ఏం ముట్టుకోవాలి అని తేల్చే సాధనం కూడా కావాలంటున్నారు ఆఫీసు కుర్రాళ్లు. అమెజాన్ ఐఏఎం, మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ, గూగుల్ క్లౌడ్ ఐఏఎం, ఓక్టా... వీటిలో ఏది? ఆయ్, మేం చెబుతాం రాసుకోండి.

1. ఊరు చూసి మార్కులెయ్యండి. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టారు, పది మార్కులు. గూగుల్ క్లౌడ్ సీఈవో థామస్ కురియన్‌ది కేరళ. కొబ్బరిలో మనకు పోటీ కనుక ఐదు కోసేయండి. అమెజాన్ 2022లో హైదరాబాదులోనే క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. తేడా వస్తే రాత్రి బస్సెక్కి వెళ్లి నిలదీయొచ్చు. పట్టికలో గడులు చాలకపోతే అజూర్ యాక్టివ్ డైరెక్టరీనీ ఎంట్రా ఐడీనీ విడివిడిగా పోల్చండి. 2023లో పేరు మారిందే గానీ సరుకు ఒకటేనని గిట్టనివాళ్లు అంటారు, పట్టించుకోకండి.

2. తలకింత అంటే ఒక్క తలే చూపించండి. అమెజాన్ ఐఏఎంకి విడిగా రుసుము లేదు కాబట్టి అందులో పస లేనట్టే. ఎంట్రాలో మంచి సదుపాయాలు కావాలంటే మనిషికింతని నెలనెలా కట్టాలి. అందుకని పదిమంది గుమస్తాలకూ ఒకటే యూజర్‌నేమ్ ఇచ్చి, పాస్‌వర్డు గోడ క్యాలెండర్ మీద రాయించండి. రేపు బిల్లు ఎవరు దిద్దారో తేలదు. తేలకపోతే తగువే లేదు!

3. అందరినీ ఓనర్లని చేయండి. గూగుల్‌లో ఓనర్, ఎడిటర్, వ్యూయర్ అని మూడు స్థూలమైన హోదాలున్నాయి. అసలు పనికి ఇవి వాడొద్దు, అవసరమైన మేరకే ఇచ్చే సన్నపాటి హోదాలు వాడమని గూగులే చెబుతుంది. కానీ బావమరిది గారిని వట్టి వ్యూయర్ అంటే పండక్కి వస్తారా? 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు క్లౌడ్‌లో ఒక హోదాకి అక్కరకు మించిన అనుమతులుండి, పది కోట్లమందికి పైగా వివరాలు బయటికి పోయాయి. మర్యాదకి ఆ మాత్రం ఖర్చు తప్పదు.

4. 'వద్దు' అనే నియమం రాయనివ్వకండి. అమెజాన్ ఐఏఎంలో ఎన్ని 'సరే'లున్నా, స్పష్టంగా రాసిన ఒక్క 'వద్దు' వాటన్నిటినీ కొట్టేస్తుంది. మన ఇళ్లల్లో ఆ అధికారం మామ్మగారిది. దాన్ని యంత్రానికి అప్పగించడం పెద్దల్ని అవమానించడమే.

5. మానేసినవాళ్ల ఖాతా తీయకండి, ఫోనుకొచ్చే రెండో తనిఖీ పెట్టకండి. నిన్నటిదాకా మన ఉప్పు తిన్నవాడు, ఇవాళ పక్క కొట్లో చేరినంత మాత్రాన పరాయివాడా? అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థ ఇలాగే వాడకంలో లేని పాత ఖాతాని ఉంచుకుంది. దానికి రెండో తనిఖీ కూడా లేదు. 2021 ఏప్రిల్ చివర్లో ఒక్క పాస్‌వర్డుతో దొంగలు దూరారు. మేలో పెట్రోలు పైపులు రోజుల తరబడి ఆగిపోయాయి. సంస్థ 44 లక్షల డాలర్లు చదివించుకుంది. మన దగ్గర అంత లేదుగా, దిగులెందుకు?

6. అసలు ఖాతాని మేనల్లుడి సొంత మెయిల్‌తో తెరవండి. ఆ అసలు ఖాతాతో, అంటే రూట్ ఖాతాతో, రోజువారీ పనులు చేయొద్దని అమెజాన్ పోరు పెడుతుంది. పెట్టనీయండి. మేనల్లుడు డల్లాస్ వెళ్లిపోయాక వాడు నిద్రలేచేదాకా ఆగడానికి ఏం తొందర? 2023లో ఓక్టా ఉద్యోగి ఒకరు కంపెనీ ల్యాప్‌టాప్‌లో సొంత గూగుల్ ఖాతా తెరిచారు. సంస్థ పాస్‌వర్డు అందులో సేవ్ అయింది. దొంగలకి దారి బహుశా అదేనని ఓక్టాయే చెప్పుకుంది. కాపలా అమ్మేవాళ్లకే తప్పలేదు, మనమెంత?

చివరిగా, ఏ సాధనం కొన్నా మూడు ప్రశ్నలు మాత్రం పొరపాటున కూడా అడక్కండి. ఎవరికి అనుమతి ఇచ్చాం? ఏ పనికి ఇచ్చాం? పని అయ్యాక వెనక్కి తీసుకున్నామా? ఈ మూడింటికీ జవాబు మీ దగ్గరుంటే పై నాలుగింటిలో ఏది కొన్నా పనిచేస్తుంది. లేకపోతే నాలుగూ కొన్నా దండగే.