నల్లకోటు ద్రష్ట

ఫ్రెంచి కవి బోదలేర్ పేరెత్తితే చాలు, కళావిమర్శకులకు పూనకం వచ్చేస్తుంది. ఆధునిక సౌందర్యాన్ని అందరికన్నా ముందు చూసిన ద్రష్టట! చిత్రకారులకే ఆననిది కవి కంటికి ఆనిందట!

1846లో ప్యారిస్ సలోన్ ప్రదర్శన మీద ఆయన రాసిన సమీక్ష గొప్పదే, కాదనడానికి నాకు నోరు రాదు. చిత్రకారులు గ్రీకు, రోమన్ వీరులకు ఉత్తరీయాలు కప్పుతూ కూర్చుంటే, మన వీధుల్లో తిరిగే మనిషి నల్లకోటుకేం తక్కువ, దానికీ ఓ అందం లేదా అని నిలదీశాడు. విమర్శకుడన్నాక పక్షపాతం, ఆవేశం ఉండి తీరాలన్నాడు.

సరే, నల్లకోట్లు అడిగాడు కదా. 1862లో ఎడ్వార్డ్ మానే గీసి చూపించాడు. ట్యూలరీస్ తోటలో సంగీతం అని పేరు. వాయించేవాళ్లు ఒక్కరూ కనబడరు. చెట్ల కింద ఇసకేస్తే రాలనంత జనం, పొడుగు టోపీలు, ఎటు చూసినా నల్లకోట్లు, ముందు వైపు ఇనప కుర్చీలు. ఎడమ పక్క ఆ గుంపులో బోదలేరే నిలబడి ఉన్నాడు! అడిగిన వరం ఎదురొచ్చింది, అందులో అడిగినవాడే ఉన్నాడు. మరి ఆ బొమ్మ మీద ద్రష్టగారి వ్యాసమేదీ? లేదు.

మరుసటి ఏడాది ఫిగారో పత్రికలో ‘ఆధునిక జీవన చిత్రకారుడు’ అంటూ విడతలు విడతలుగా అచ్చు వేయించి, కిరీటం తీసుకెళ్లి కాన్‌స్టాంటిన్ గీస్ నెత్తిన పెట్టాడు. లండన్ సచిత్ర వారపత్రికకు క్రిమియా యుద్ధం బొమ్మలు గీసి పంపిన మనిషి. తన పేరు అచ్చులో వద్దన్నాడని పొడి అక్షరాలతోనే పొగిడాడు. మానే ఆప్తమిత్రుడాయె, పెరటి చెట్టు మందుకు పనికొస్తుందా?

1865లో తన ‘ఒలింపియా’ బొమ్మను చూసి ఊరంతా ఎగతాళి చేస్తుంటే మానే బోదలేర్ దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు. అప్పుడు బ్రస్సెల్స్‌లో ఉన్న ఆయన నుంచి ఓదార్పు వచ్చింది: సంగీతకారుడు వాగ్నర్‌ని చూసీ నవ్వారు, ఆయన చచ్చాడా? పైగా, నీ కళకు ముసలితనం వచ్చింది, ఆ ముసలితనంలో మొదటి పీట నీదేనని! ఇందులోనూ ప్రశంస దాగుందని భక్తులు వ్యాఖ్యానాల మీద వ్యాఖ్యానాలు రాశారు. ఎందుకంత శ్రమ? దివ్యమైన వచనం రాశాడు, చిత్రకారుడు దలక్రవాను ప్రాణంగా ప్రేమించాడు, మానే దగ్గర లెక్క తప్పాడు అంటే పోయే పరువేముంది?

ఇక ఫొటోగ్రఫీ. చేతగాని చిత్రకారులు తలదాచుకునే చోటని 1859లో దులిపేశాడు. ఆ తర్వాత వెళ్లి బుద్ధిగా ఫొటోగ్రాఫర్ కార్జా కెమెరా ముందు కూర్చున్నాడు. భక్తులు పుస్తకాల అట్టల మీద వేసుకుని మురిసిపోయే ఆ చురచుర చూపు ఆ కెమెరా పెట్టిన భిక్షే.