నాలుగో రిమార్కు

బీకాం చదివితే డెబిట్, క్రెడిట్ వస్తాయి. బిల్లు చదవడం రాదు. జీఎస్టీ మీద పేజీలకు పేజీలు జవాబులు రాసి ఫస్ట్ క్లాసులో పాసైన నాకు, అట్టపెట్టెల వ్యాపారి పంపిన ఇన్వాయిస్ ఒకటి చేతికిస్తే ముందుగా ఏం చూడాలో తెలియలేదు. అది నాకు నేర్పింది హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ హెడ్డాఫీసు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అక్కడి అకౌంట్స్ సెక్షన్‌లో చివరి సీటులో కూర్చునే సీనియర్ అకౌంటెంట్ గారు.

2024 జూన్‌లో నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీం కింద ఏడాదికి చేరాను. స్టైపెండ్ నెలకు 9,000. డిగ్రీ అయినవాళ్లకు అప్పట్లో కనీస మొత్తం అదే, అందులో సగం కేంద్ర ప్రభుత్వం భరించేది. హాస్టల్‌కూ మెట్రోకూ పోగా ఇంటికి పంపడానికి ఏమీ మిగిలేది కాదు. అయినా సూర్యాపేటలో మా వీధంతా ‘పిల్ల కార్పొరేట్‌లో చేరింది’ అని చెప్పుకుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం మేం శిక్షణలో ఉన్నవాళ్లం, ఉద్యోగులం కాదు. పీఎఫ్ ఉండదు. ఏడాది పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు. చేరిన రోజే హెచ్చార్ మేడం ఇవన్నీ చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు. చివర్లో మాత్రం, “బాగా చేస్తే పర్మనెంట్ సంగతి చూద్దాం” అన్నారు. ఆ మాట పట్టుకునే ఏడాదంతా పనిచేశాను.

సార్‌ది జనగామ వైపు. ఆ సీటులో ఇరవై రెండేళ్లుగా ఉన్నారు. వెళ్లిన రోజునే నా ముందు మూడు కాగితాలు పెట్టారు. పర్చేజ్ ఆర్డరు, గోడౌన్‌లో సరుకు దిగినట్టు రాసిన రసీదు, వ్యాపారి బిల్లు.

“సరుకు, లెక్క మూడింట్ల కలవాలె. రేటు ఆర్డరుతోని కలవాలె. యాడ తేడా వచ్చినా ఆపు. ఎవరు ఫోన్ చేసినా ఆపు. తేడా లేకుంటే మాత్రం ఒక్కరోజు గూడ ఆపకు తల్లీ.”

ఆ తర్వాత నెలవారీ తేదీలు నేర్పారు. ఏడో తేదీలోగా టీడీఎస్ కట్టాలి. కాంట్రాక్టరు విడి మనిషైతే ఒక శాతం, కంపెనీ అయితే రెండు. పద్నాలుగున జీఎస్టీఆర్-2బీ వస్తుంది, వ్యాపారి తన రిటర్నులో మన బిల్లు చూపించకపోతే మనకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఇరవైలోగా జీఎస్టీఆర్-3బీ రిటర్ను వేయాలి. ఇవి పుస్తకంలోనూ ఉంటాయి. పద్నాలుగో తేదీ కన్నా ముందే ఏ వ్యాపారికి ఫోన్ చేసి గుర్తుచేయాలో, ఎవరిని ఎలా అడిగితే నొచ్చుకోకుండా సరిచేస్తారో మాత్రం ఆయనకే తెలుసు. పని చూపించి ఊరుకునేవారు కాదు. మౌస్ ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. ఆయన వెనక నిలబడి, నేను తప్పు దారిలో వెళుతుంటే చిన్నగా దగ్గేవారు, అంతే.

చిన్న పరిశ్రమల బిల్లులంటే ఆయనకు ప్రాణం. ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అమల్లోకి వచ్చిన కొత్త రోజులవి. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటి, మార్చి ముగిసేసరికీ కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయంలోంచి తీసేసుకోనివ్వరు. సెక్షన్‌లో మిగతావాళ్లు దాన్ని కంపెనీ పన్ను సమస్యగా చూసేవారు. సార్‌కు మాత్రం జీడిమెట్లలో లేతు మిషన్ పెట్టుకున్న మనిషి, ఆయన కింద పనిచేసే నలుగురు కనిపించేవాళ్లు. “మన సంతకం ఆగితే ఆడ జీతాలు ఆగుతయ్” అనేవారు. శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయాక కూడా కూర్చుని ఆ బిల్లులు పాస్ చేయించేవారు. సర్కారు చట్టం చేయకముందు నుంచీ ఆయన పద్ధతి అదేనట.

ఒకసారి, రిటైరైన డ్రైవరుగారి ఫైనల్ సెటిల్‌మెంట్ మా టేబుల్ మీదికి వచ్చింది. గ్రాట్యుటీ లెక్క నాతోనే వేయించారు. అప్పటి చట్టం ప్రకారం చివరి బేసిక్, డీఏ కలిపి పదిహేనుతో హెచ్చవేసి, ఇరవై ఆరుతో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చవేయాలి. “నెలకు ముప్పై రోజులు గదా అని ముప్పైతోని భాగిస్తరు కొందరు. గట్ల చేస్తే మనిషి నోరు కొట్టినట్టే. 1972 చట్టంల ఇరవై ఆరే ఉన్నది. యాదికి పెట్టుకో.” ఇంకో మాట కూడా చెప్పారు. జతచేసిన కాగితాలన్నీ చివరిదాకా చదవకుండా ఏ ఫైలూ పాస్ చేయకూడదని.

మూడు నెలలకోసారి నా ప్రోగ్రెస్ రికార్డులో ఆయన రిమార్కు రాయాలి. మొదటిసారి, ‘చెప్పింది శ్రద్ధగా చేస్తుంది’ అని రాశారు. రెండోసారి, ‘తప్పులు తగ్గాయి’. మూడోసారి, ‘వ్యాపారుల బిల్లులు తానే చూసుకుంటుంది, నేను సరిచూస్తే చాలు’. మూడూ అక్షరాలా నిజం. రాసినవి నాకు చూపించి మరీ పైకి పంపారు.

నాలుగోది మే నెలాఖరులో. రికార్డు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఎడమచేయి అడ్డం పెట్టుకుని రాశారు. రాసి, మూసి, అటెండర్‌కు ఇవ్వకుండా తనే లిఫ్టెక్కి హెచ్చార్‌కు ఇచ్చి వచ్చారు.

“ఏం రాశారు సార్?”

“నీకు నౌకరీ రాసిన తల్లీ. అది చదివినంక నిన్ను ఇడిచిపెట్టరు.”

అప్పటికి విదేశీ చెల్లింపులు గానీ, ఏడాది చివరి ప్రొవిజన్లు గానీ ఆయన పక్కన లేకుండా నేను చేయలేను. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఆ రాత్రి హాస్టల్‌లో అమ్మకు ఫోన్ చేసి, ఉద్యోగం రావచ్చని చెప్పాను. మా అమ్మ ముందు ఆయన పిల్లాపాపలు చల్లగా ఉండాలంది, తర్వాతే జీతమెంతని అడిగింది.

జూన్ మొదట్లో ఒక సోమవారం సార్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ స్విచాఫ్. సెక్షన్‌లో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నం హెచ్చార్ మేడం పిలిచారు.

“నీ రిపోర్టు డైరెక్టర్ గారి దాకా వెళ్లిందమ్మా. చాలా సంతోషించారు.”

నా గుండె వేగంగా కొట్టుకుంది.

“నీ ఏడాది ఈ వారంతో అయిపోతుంది కదా. గురువారం కొత్త అప్రెంటిస్ వస్తాడు. పని మొత్తం అతనికి అప్పగించు. ఈలోపు ఒక సెటిల్‌మెంట్ ఉంది, ఫైలు నీ టేబుల్ మీద పెట్టించాను. ఇవాళే పాస్ చేసెయ్.”

“మేడం, మరి నా పర్మనెంట్...”

“పోస్టు ఉంటే కదమ్మా” అన్నారావిడ, జాలిగానే.

కిందికి వచ్చి ఫైలు తెరిచాను. మొదటి పేజీలో సార్ పేరు. నోటీసుకు బదులు జీతం, మిగిలిన సెలవుల డబ్బు, ఇరవై రెండేళ్ల గ్రాట్యుటీ. గ్రాట్యుటీని ముప్పైతో భాగించారు. కొట్టేసి, ఇరవై ఆరుతో మళ్లీ వేసి, తేడా ఎంతో ఎర్ర ఇంకుతో పక్కన రాశాను. తర్వాత, ఆయన చెప్పినట్టే, జత కాగితాలు చదవడం మొదలుపెట్టాను.

డైరెక్టర్ సంతకం చేసిన నోట్ ఉంది. ‘ఈ సీటుకు సీనియర్ అకౌంటెంట్ అక్కర్లేదు. ఏటా ఒక అప్రెంటిస్‌తో నడపవచ్చు. పోస్టు రద్దు చేయడమైనది. ఆధారం జతపరచడమైనది.’

ఆధారం చివరి కాగితం. నా ప్రోగ్రెస్ రికార్డులో నాలుగో పేజీ జిరాక్సు, కింద సార్ దస్తూరీ:

‘ఈ సీటు పనంతా ఈ అమ్మాయి ఒక్కతే చేయగలదు. ఇక నా అవసరం లేదు.’